పడని గోలి

ఆత్మకూరు నుంచి మహబూబ్‌నగర్ దవాఖానకు పొద్దున బస్సెక్కే ఆడవాళ్లలో కొందరు ఆ రోజు ఒక గోలి వేసుకోరు. బీపీ చీటీలో ఉన్న రెండు మూడు గోలీల్లో అది మూత్రం ఎక్కువగా పోయించేది. వేసుకున్న గంటా రెండు గంటల్లో పని మొదలుపెడుతుంది. దారిలో బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు, ఆగినచోట మరుగు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ప్రయాణం ఉన్న రోజు మానేస్తారు, కూలికి పోయే రోజు మానేస్తారు, పెళ్లికి పోయే రోజు మానేస్తారు. దవాఖానలో డాక్టరు పట్టీ చుట్టి చూస్తే బీపీ ఎక్కువగానే ఉంటుంది. ‘‘గోలీలు రోజూ ఏసుకుంటున్నవా అమ్మా?’’ ‘‘ఏసుకుంటున్న సారూ.’’ వెనక లైను చాలా పొడుగ్గా ఉంది. డాక్టరు ఇంకో గోలి రాస్తాడు.

ఆమె దాచాలనుకోలేదు. మిగతావి వేసుకుంటూనే ఉంది. ఏ గోలితో ఇబ్బందిగా ఉందని ఎవరూ అడగలేదు, అడగనిదే చెప్పుకునే సంగతీ కాదు. డాక్టరుకు మాత్రం మందు పనిచేయడం లేదన్న లెక్క మిగిలింది.

అసలు ఆ మూత్రం గోలి ఆమె చీటీలోకి ఎలా వచ్చింది? మొదట బీపీకి ఆమ్లోడిపిన్ ఇచ్చారు. మంచి మందు, చవకైన మందు, సర్కారు దవాఖానల్లో మామూలుగా దొరికే మందు. కొన్ని వారాలకు పాదాలు వాచడం మొదలైంది. సాయంత్రానికి మెట్టెలు బిగుసుకుంటాయి, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. వాపంటే ఒంట్లో నీరు చేరడం, నీరు తీయాలంటే మూత్రం గోలి. చూడటానికి సబబుగానే ఉంది కానీ ఈ వాపుకు కారణం వేరు. ఆమ్లోడిపిన్ సన్నటి ధమనుల గోడలను సడలించి రక్తపోటు తగ్గిస్తుంది. రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరలను మాత్రం అంతగా సడలించదు. జూరాల కాలువ మీద పై తూము బారుగా ఎత్తి కింది తూమును అలాగే ఉంచితే మధ్యలో నీళ్లు గట్టు మీదికి ఎక్కినట్టు, కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి ద్రవం పక్కనున్న కండలోకి ఊరుతుంది. శరీరం మొత్తంలో నీరు ఎక్కువైందని కాదు, కాబట్టి మూత్రం ఎంత పోయించినా ఈ వాపు పెద్దగా తీయదు. మోతాదు తగ్గిస్తే తగ్గుతుంది. టెల్మిసార్టాన్ లాంటి మందు జతచేస్తే అది సిరలను కూడా సడలిస్తుంది కాబట్టి వాపు దిగుతుంది, బీపీ కూడా దారికొస్తుంది. అదీ కుదరకపోతే మందు మార్చాలి.

మందు తెచ్చిపెట్టిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని దానికి ఇంకో మందు రాయడం, దాని ఇబ్బందికి మరోటి రాయడం వైద్యులకు తెలిసిన పొరపాటే. 1997లో పౌలా రోచన్, జెర్రీ గర్విట్జ్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్ని ఒక వరసగా పెట్టి చూపించారు. ఈ గొలుసును తెంచే మొదటి సమాచారం రోగి దగ్గరే ఉంటుంది: వాపు ఎప్పుడు మొదలైంది, ఏ గోలి మొదలుపెట్టిన ఎన్నాళ్లకు మొదలైంది. ఈ అధ్యాయం మొత్తం ఆ ఒక్క సమాచారం గురించే. దీర్ఘరోగంతో బతికే మనిషి తన ఒంట్లో మందు చేస్తున్న పనిని చూసి, గుర్తుపెట్టుకుని, దవాఖానలో చెప్పగలిగితే చాలా ఇబ్బందులకు మందు మానకుండానే దారి దొరుకుతుంది. చెప్పకుండా మానేస్తే ఇబ్బంది పోతుంది, జబ్బు మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతుంది.

దుష్ప్రభావం అన్నది మందులో కలిసిన మలినం కాదు. గోలి కడుపులో కరిగి రక్తంలో కలుస్తుంది, రక్తం ఎక్కడెక్కడికి పోతే అక్కడికల్లా పోతుంది. మనకు కావలసిన చోట చేసే పనినే అక్కర్లేని చోట కూడా చేస్తుంది. బీపీకి, గుండెకు ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్ తీసుకునే వాళ్లలో పదిమందిలో ఒకరి దాకా ఎడతెగని పొడి దగ్గు వస్తుంది. ఈ మందుల పుట్టుక చూస్తే ఆ దగ్గు ఎందుకో తెలిసిపోతుంది. 1965లో బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా అక్కడి జరారాకా అనే రక్తపింజర జాతి పాము విషంలో ఒక పదార్థాన్ని గుర్తించాడు. మన ఒంట్లో రక్తనాళాలను సడలించే బ్రాడికైనిన్ అనే రసాయనం త్వరగా విరిగిపోకుండా అది అడ్డుపడుతోంది. ఆ ఆధారంతో సాగిన పరిశోధన నుంచే 1981లో క్యాప్టోప్రిల్ బజారులోకి వచ్చింది. ఎనలాప్రిల్ దాని తోబుట్టువు. విరిగిపోకుండా మిగిలిన బ్రాడికైనిన్ ఊపిరితిత్తుల దారిలో పేరుకుంటే గొంతులో గిలి పుడుతుంది. ఈ దగ్గుకు సీసాలకు సీసాల టానిక్కు తాగినా, మళ్లీ మళ్లీ కళ్లె పరీక్షలు చేయించుకున్నా లాభం లేదు. గోలి మార్చి లోసార్టాన్ లాంటిది ఇస్తే కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది.

ఇక నేను ఎక్కువసేపు నిలబడి మాట్లాడాలనుకున్న మందు ఒకటుంది. దాని కథలో ఒక తెలుగువాడు ఉన్నాడు.

అమరచింతలోనో గద్వాలలోనో కండెలు చుట్టే ఒక నలభై ఏళ్ల ఆమెను ఊహించుకుందాం. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. గంట దాటితే గానీ దారం కొస పట్టుకోలేదు. రెండు చేతుల కణుపులూ ఒకే తీరుగా వాచాయి. పరీక్షలు చేసి కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. శరీర రక్షణ వ్యవస్థ తన కీళ్ల పొరనే శత్రువనుకుని కొరికే జబ్బు ఇది. దీనికి ప్రపంచమంతటా మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. ఆ చీటీలోనే, ఇంకో రోజు వేసుకొమ్మని ఫోలిక్ ఆసిడ్ అని పసుపు గోలి ఒకటి ఉంటుంది. ఆమె చేతిలో ఉన్న ఆ రెండు గోలీలూ ఒకే ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నాయి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు యవ్వనంలోనే ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగు జబ్బుకు పోగొట్టుకున్నాడు. తనకూ ఆ జబ్బు వచ్చి, ఆచంట లక్ష్మీపతి వైద్యంతో బయటపడ్డాడు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం పలచబడుతుంది, మనిషి కృశించిపోతాడు. అలాంటి రక్తహీనతనే లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ వైద్యురాలు 1928 నుంచి బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో చూసింది. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. ఆ సారంలో ఉన్న పదార్థం ఫోలిక్ ఆసిడ్. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ సంస్థలో సుబ్బారావు నడిపించిన బృందం. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారు కావాలంటే ఫోలిక్ ఆసిడ్ కావాలి. ఆ తర్వాత అదే బృందం ఫోలిక్ ఆసిడ్‌ను పోలి ఉండి దాని పనికి అడ్డుపడే రసాయనాలను చేసింది. ఒకటి అమినోప్టెరిన్, రెండోది మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948 జూన్‌లో ప్రచురించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయాడు. తాను చేయించిన మందు కీళ్ల నొప్పుల వాళ్లకు ఆధారమవుతుందని ఆయన ఊహించి ఉండడు. 1951లో అమినోప్టెరిన్‌తో ఆ మేలును మొదట గమనించినా, మెథోట్రెక్సేట్ మీద 1980లలో జరిగిన పరీక్షల తర్వాతే వైద్యులకు నమ్మకం కుదిరింది. 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని కీళ్లవాతానికి అనుమతించింది.

కణాల చీలికకు అడ్డుపడే మందు కాబట్టి, ఒంట్లో వేగంగా చీలే కణాలు ఎక్కడుంటే అక్కడ దాని దెబ్బ పడుతుంది. నోటి లోపలి పొర, పేగు పొర, ఎముకల్లోని మూలుగ, జుట్టు కుదుళ్లు. నోరు పూయడం, వికారం, జుట్టు పలచబడటం, రక్తకణాలు తగ్గడం ఏవీ విడివిడి వింతలు కావు, అన్నిటి వెనకా ఒకటే పని. ఇక్కడే ఆ రెండో గోలి ఆదుకుంటుంది. మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు తప్పించి ఫోలిక్ ఆసిడ్ ఇస్తే వికారం తగ్గుతుంది, కాలేయ పరీక్షలో ఎంజైములు పెరగడం దాదాపు ముప్పాతిక వంతు తగ్గిందని 2013లో, జరిగిన పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. మరి మందుకు విరుగుడు ఇస్తే మందు ఫలితం కూడా పోదా? ఇది మంచి ప్రశ్న. కీళ్లవాతానికి ఇచ్చే చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ ముఖ్యంగా మరో దారిలో, అడెనోసిన్ అనే పదార్థాన్ని పెంచి వాపును చల్లారుస్తుందని పరిశోధకుల అవగాహన. అందుకే ఫోలిక్ ఆసిడ్ ఇచ్చినా కీళ్లకు మేలు పోవడం లేదు.

అయినా వికారం ఆగకపోతే రాత్రి భోజనం చేశాక వేసుకోవడం, డాక్టరు చెబితే మోతాదును విడదీయడం, గోలి బదులు చర్మం కింద ఇచ్చే సూదికి మారడం ఉన్నాయి. మందు ఫలితం కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఇబ్బంది మాత్రం మొదటి వారంలోనే కనపడుతుంది. చాలామంది విడిచిపెట్టేది ఈ మధ్యకాలంలోనే. ‘‘ఇది రెండు నెలలకు గానీ పనిచేయదు, అందాకా నోరు పూస్తే వచ్చి చెప్పు’’ అని మొదటి రోజే చెప్పే డాక్టరు సగం వైద్యం చేసినట్టే అని నా నమ్మకం.

ఈ మందులో ఒక ప్రాణాపాయం ఉంది, అది గట్టిగా చెప్పాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు వేసుకునేది. మన ఇళ్లలో గోలి అంటే రోజూ వేసుకునేదని అలవాటు. పొరపాటున రోజూ వేసుకుంటే వారం పది రోజుల్లో మూలుగ చల్లబడి రక్తకణాలు పడిపోతాయి, నోరు పుండుపడుతుంది, ప్రాణం పోయిన సంఘటనలు వైద్య పత్రికల నిండా ఉన్నాయి. దానికి తోడు ఫోలిట్రాక్స్, ఫోల్‌వైట్ అని పేర్లు కూడా దగ్గరదగ్గరగా ఉంటాయి. మొదటిది మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ ఆసిడ్. మందుల షాపాయన స్ట్రిప్ మీద ‘ఆదివారం మాత్రమే’ అని తెలుగులో రాసివ్వడానికి ఒక పెన్ను, అర నిమిషం చాలు. రాయకపోతే అడిగి రాయించుకోవాలి. రెండో జాగ్రత్త: జ్వరమనో మూత్రంలో మంటనో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే సెప్ట్రాన్ ఇవ్వవచ్చు. అందులోని ట్రైమెథోప్రిమ్ కూడా ఫోలిక్ ఆసిడ్ దారికే అడ్డుపడుతుంది. రెండూ కలిస్తే మూలుగ తట్టుకోదు. ‘‘నేను వారం గోలి మీదున్న’’ అని ఎక్కడికి పోయినా మొదటి మాటగా చెప్పాలి. గర్భం నిలిచే అవకాశం ఉన్నప్పుడు ఈ మందు వాడకూడదు. కల్లూ సారా కాలేయానికి రెండో దెబ్బ. జ్వరం, గొంతు నొప్పి, ఆయాసంతో పొడి దగ్గు, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లమచ్చలు కనపడితే ఆ వారం గోలి ఆపి వెంటనే దవాఖానకు పోవాలి. మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి చేసే రక్తపరీక్షలు అందుకే. నోరు, ఒళ్లు చెప్పకముందే ఆ పరీక్ష చెబుతుంది.

మెథోట్రెక్సేట్‌ను చూసి భయపడిన మనిషి పొట్లం మందు దగ్గర భయపడదు. ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం. ఊళ్లలో నొప్పులకు కాగితంలో కట్టి ఇచ్చే, పేరు లేని రంగురంగుల గోలీల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం కొత్త సంగతి కాదు. రెండో రోజుకే నొప్పి మాయమవుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు తేలికవుతుంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ మొదటిసారి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు మంచం మీది రోగి లేచి నడిచింది, రెండేళ్లకు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వెంటనే అసలు బాధలు బయటపడ్డాయి: ఉబ్బిన ముఖం, పెరిగిన షుగరు, గుల్లబారిన ఎముకలు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, బయటినుంచి స్టెరాయిడ్ వస్తున్నంతకాలం మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథులు తమ పని ఆపేస్తాయి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే అవి వెంటనే లేవవు. వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, కొన్నిసార్లు స్పృహ తప్పడం. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, చాలా జబ్బుల్లో ప్రాణం నిలుపుతుంది. కానీ తీసుకుంటున్నట్టు తెలియాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి. పొట్లంలో ఈ రెండూ ఉండవు.

షుగరు మందుల సంగతి కొంచెం తేలిక. మెట్‌ఫార్మిన్ పేగుల్లో ఎక్కువగా చేరుతుంది కాబట్టి మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు తెస్తుంది. అన్నంతో పాటు, చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచితే చాలామందికి కుదురుకుంటుంది, లేదంటే మెల్లగా కరిగే రకం గోలీలున్నాయి. ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. కాళ్ల తిమ్మిరిని షుగరుకే అంటగట్టకుండా ఆ పరీక్ష ఒకసారి అడగాలి. గ్లిమెపిరైడ్ తీరు వేరు. అది మనం తిన్నామా లేదా అని చూడదు, ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. శనివారం ఒక్కపొద్దు ఉండి, కురుమూర్తి జాతరలో ఎండలో నడిచి, పొద్దున్నే అలవాటుగా ఈ గోలి వేసుకుంటే మధ్యాహ్నానికి చెమటలు, వణుకు, కళ్లు బైర్లు. ఆ క్షణానికి మూడు చెంచాల చక్కెర నోట్లో వేసుకోవాలి. అసలైన ఉపాయం పండగకు ముందే ఉంది: ‘‘నాకు ఒక్కపొద్దు ఉంది, ఆ రోజు ఏ గోలి ఎంత వేసుకోవాలి’’ అని అడగడం. దేవుడి పేరెత్తితే డాక్టరు కసురుకుంటాడేమోనని ఈ ప్రశ్న అడగని వాళ్లు ఎక్కువ. అడిగినందుకు కసురుకునే డాక్టరు తప్పు చేస్తున్నాడు.

అన్ని ఇబ్బందులూ మందు వల్లనే వస్తాయా అంటే, కావు. కొలెస్టరాల్‌కు ఇచ్చే స్టాటిన్ గోలీలు కండరాల నొప్పి తెస్తాయని పేరుపడ్డాయి. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వాళ్లు, ఇలాంటి ఇబ్బందుల వల్ల మందు మానేసిన 60 మందితో ఒక పరీక్ష చేసి 2020లో ప్రకటించారు. ఒక్కొక్కరికీ ఏడాదికి 12 సీసాలు: నాలుగింటిలో స్టాటిన్, నాలుగింటిలో మందు లేని ఉత్త గోలీలు, నాలుగు ఖాళీ సీసాలు. ఇబ్బంది వందలో ఎంతో రోజూ ఫోన్లో గుర్తుపెట్టాలి. ఏ గోలీ లేని నెలల్లో సగటు 8.0, ఉత్త గోలి నెలల్లో 15.4, స్టాటిన్ నెలల్లో 16.3. అంటే ఇబ్బందిలో 90 శాతం ఉత్త గోలితోనూ వచ్చింది. వాళ్లు నటించారని కాదు, ఇబ్బంది నిజంగానే పెరిగింది. దాన్ని పెంచింది గోలి వేసుకుంటున్నానన్న భయం. ఆ లెక్క వాళ్లకే చూపించాక సగంమంది తిరిగి స్టాటిన్ మొదలుపెట్టారు. దీన్నుంచి ‘రోగికి ఏమీ చెప్పకపోతే మేలు’ అనే పాఠం తీసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. టీబీకి రిఫాంపిసిన్ ఇచ్చేటప్పుడు మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెబితే ఎవరూ బెదిరిపోరు. చెప్పకపోతే రక్తం పోతోందని మందు పారేస్తారు. ఆ కోర్సులోనే ఉండే ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్ల మంటలు వస్తే బి6 విటమిన్ ఉంది. ఇథాంబుటాల్ వల్ల ఎరుపు, ఆకుపచ్చ రంగులు తేడాగా కనపడితే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా దవాఖానకు పోవాలి. ఏది ఓర్చుకోవచ్చో, ఏది మార్చుకోవాలో, దేనికి పరుగెత్తాలో మందుతో పాటే చేతిలో పెట్టాలి.

చెప్పేందుకు దవాఖానలో తీరిక దొరకదన్నది నిజమే. అయినా వనపర్తిలో, నాగర్‌కర్నూలులో 2022 నవంబరులో సర్కారు వైద్య కళాశాలలు వచ్చాక ఇక్కడివాళ్లకు పెద్ద డాక్టరు మునుపటికంటే దగ్గరయ్యాడు. ఇంటికొచ్చే ఆశ కార్యకర్త, ఉపకేంద్రంలో ఏఎన్ఎం అన్నిటికంటే దగ్గర. పోయేటప్పుడు చీటీ ఒక్కటే తీసుకుపోతే చాలదు. ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పూ, ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లం, నాటుమందు డబ్బా అన్నీ ఒక సంచిలో వేసుకుపోయి బల్ల మీద పెట్టాలి. వేసుకోనివి ఏవో వేలితో చూపించాలి. మూత్రం గోలి పొద్దున కుదరకపోతే ప్రయాణం రోజు ఇంటికి తిరిగొచ్చాక వేసుకోవచ్చా అని అడగాలి. చాలాసార్లు ‘వేసుకోవచ్చు’ అనే జవాబు వస్తుంది.

డాక్టరుకు చెప్పడంతో పని అయిపోదు. మందు బజారులోకి వచ్చేముందు కొన్ని వేలమంది మీదే పరీక్షిస్తారు. పదివేలమందిలో ఒకరికి వచ్చే ఇబ్బంది, మన తిండికీ మన మిగతా జబ్బులకూ కలిసి వచ్చే ఇబ్బంది, జనం వాడటం మొదలైన తర్వాతే బయటపడతాయి. అందుకోసం దేశంలో 2010లో ఔషధ నిఘా కార్యక్రమం మొదలైంది, 2011 నుంచి గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. వైద్య కళాశాలలు చాలావాటిలో దాని కేంద్రాలున్నాయి. డాక్టర్లే కాదు, రోగి కూడా నేరుగా తెలియజేయవచ్చు. 1800-180-3024 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బులు పడవు. రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. అందులో ముఖ్యంగా చెప్పాల్సింది ఏ మందు, ఎప్పటినుంచి, ఏం ఇబ్బంది, ఎప్పుడు మొదలై ఇప్పుడెలా ఉంది. మందు వల్లనే వచ్చిందని రుజువు చేయాల్సిన అవసరం రోగికి లేదు, అనుమానం ఉంటే చాలు. రాయడం రాకపోతే పదో తరగతి చదివే మనవరాలు రాసిపెట్టవచ్చు.